రాతి తొట్టి మీద నీడ

రొట్టె కొనడానికి వచ్చినవాడే చేతి తొడుగులు కొంటాడు. ఈ సంగతి నాకు ఎవరూ నేర్పలేదు, కొట్టే నేర్పింది. పొద్దున్నే మడ్లైనా బేకరీ ముందు జనం వరస కడతారు. వరసలో నిలబడ్డవాడికి చేతులు కొంకర్లు పోతాయి. పక్కనే నా కొట్టు. అద్దం వెనక ఉన్ని తొడుగులు, టోపీలు, స్కీలకు పూసే మైనం, లోపల మేకులు, సుత్తులు, తాళాలు. కాబట్టి మడ్లైనా పొయ్యి ఆరిందంటే నా గల్లాపెట్టె కూడా చల్లబడుతుంది. ఆ చలికాలంలో నేను చేసిందంతా ఈ లెక్కతోనే చేశాను. మంచితనంతో చేశానని ఎవరైనా అంటే నమ్మకండి.

చెట్ల ఆకులు పండి రాలే రోజుల్లో ఒక పొద్దున మడ్లైనా పిండి చేతులతోనే నా కొట్లోకి వచ్చింది.

"ఓండా ఉర్ష్లా, ఇల్లు ఖాళీ చెయ్యమన్నారు."

మా కొండల్లో పెద్దవాళ్ళని ఆడవాళ్ళయితే ఓండా అనీ, మగవాళ్ళయితే బార్బా అనీ పిలుస్తారు. అత్త, మామ అన్నట్టు. చుట్టరికం ఉండక్కర్లేదు.

"ఎవరు, డాక్టర్ ష్టౌబా?"

"ఇంకెవరు? వేసవికల్లా కావాలట. వాళ్ళబ్బాయి సెలవలకి వస్తాడట."

"సెలవలు ఎన్నాళ్ళు? మిగతా ఏడాదంతా ఆ ఇంట్లో ఎవరుంటారు, ఎలకలా?"

"ఆయనిల్లు, ఆయనిష్టం. మా ఆయన యాఖెన్‌కి కింద పట్నంలో వడ్రంగి పని దొరుకుతుంది. నేను అక్కడే ఏదో పెద్ద కొట్లో రొట్టెలు అమ్ముకుంటా. కాల్చడం కాదు, ప్లాస్టిక్ సంచిలో వేసివ్వడం." అలా అని నా ఉన్ని టోపీల బుట్టని కోపంగా ఒక్క తోపు తోసి వెళ్ళిపోయింది. రెండు టోపీల మీద పిండి మరకలు. వాటిని తర్వాత తగ్గించి అమ్మాను.

మా ప్రాదాల్వలో ఇళ్ళకి కొదవ లేదు, ఉండటానికి ఇల్లు లేదు, అంతే. సగం కిటికీల చెక్క తలుపులు ఏడాదిలో ముప్పాతిక వంతు మూసే ఉంటాయి. వాటి సొంతదార్లు జూరిక్‌లోనో ఇంకా దూరంలోనో ఉంటారు. ఇల్లు కొందామంటే కొరివి, అద్దెకి అడిగితే అడవి.

నా కొట్టు మా తాత కట్టింది. ఒకటే అంతస్తు, పైన రాతి పలకల కప్పు. దాని మీద రెండు అంతస్తులు లేపితే రెండు కాపురాలు హాయిగా ఉండొచ్చు. మడ్లైనావాళ్ళు ఒకదాంట్లో, ఇంకొకదాంట్లో ఇంకెవరైనా. కింద కొట్టు, పక్కన బేకరీ, నెలనెలా అద్దె. ఎటు చూసినా లాభమే. అడ్డం ఒక్కటే: వాడకపు అంకె.

మీకు స్థలం ఎంతుందో, అందులో ఎంత కట్టుకోవచ్చో చెప్పే అంకెకి మా ఆఫీసుల్లో పెట్టిన పేరు అది. నా స్థలానికి ఆ అంకె మా తాత కొట్టుతోనే నిండిపోయింది. పైన పావురాల గూడు పెట్టినా అదనపు కట్టడమే. అయితే మా ఊరి అధ్యక్షుడు కుర్దిన్ ఉన్నాడే, పొద్దున ఆవుల పాలు పిండి, సాయంత్రం ఊరి తగాదాలు పిండేవాడు, అతను ఆ చలికాలం ఒక ప్రతిపాదన తెచ్చాడు. ఊరి నడిమధ్యన ఉన్న స్థలాలకి వాడకపు అంకె పెంచాలి, కొత్తగా కట్టిన ఇళ్ళలో ఏడాది పొడుగునా కాపురం ఉండేవాళ్ళే ఉండాలి. చెయ్యెత్తి తేల్చేది ఊరి సభ. సభకి ముందు ఒక సాయంత్రం చర్చ పెట్టాడు.

చర్చ బడి వ్యాయామశాలలో. బాస్కెట్‌బాల్ బుట్టల కింద కుర్చీలు వేశారు. ఓటున్నవాళ్ళం కుర్చీల్లో కూర్చున్నాం. సెలవల ఇళ్ళవాళ్ళకి ఓటు లేదు, వాళ్ళు అడ్డంగా కట్టిన తాడుకి అవతల, పిల్లలు కసరత్తు చేసే పొట్టి బల్లల మీద కూర్చున్నారు. ముందు బల్ల మీద డాక్టర్ ష్టౌబ్, మెడకి పట్టు కండువా, మోకాళ్ళు గడ్డం దాకా. ఆయన వైద్యుడు కాదు, వకీలు. అయినా మా దగ్గర డాక్టరంటే డాక్టరే.

కుర్దిన్ గొంతు సవరించుకుని "వాడకపు అంకెని కొంచెం పెంచితే..." అన్నాడో లేదో, బార్బా పైదర్ లేచాడు. ఊళ్ళో సగం మందికి మంచు మీద జారడం నేర్పినవాడు ఆయన. ఆయన నిలబడితే మిగతావాళ్ళకి మోకాళ్ళు వంచి వినడం అలవాటు.

"ఇంకా ఎంత వాడుకుంటావయ్యా ఈ ఊరిని?" అన్నాడు. "కొండని వాడుకున్నారు. వాగుని వాడుకున్నారు. నా మోకాళ్ళని నలభై చలికాలాలు వాడుకున్నారు. ఇప్పుడు వాడకం ఇంకా పెంచుతారా?"

హాలంతా చప్పట్లు, కేకలు. కుర్దిన్ చేతులు ఊపాడు.

"బార్బా, అది ఆ వాడుకోవడం కాదు. స్థలం వాడకం. చదరపు మీటర్లు!"

"వాడకమంటే వాడకమే. మా అమ్మ నాకు ఒక్కటే అర్థం చెప్పింది."

"పేరు నేను పెట్టలేదు బార్బా, పై ఆఫీసువాళ్ళు పెట్టారు."

"మరి పైవాళ్ళనే కట్టుకోమను!"

ఎవరో ఈల వేశారు. ఒక్క మాట తగిలి ప్రతిపాదన ఎలా కుంటుతోందో నేను చూస్తూనే ఉన్నాను. సరుకు మంచిదే, పెట్టె మీద పేరే పాడు. ఇలాంటి సరుకు నా కొట్లో ఏళ్ళ తరబడి పడుండటం నాకు తెలుసు.

డాక్టర్ ష్టౌబ్ తాడు వెనక నుంచి మర్యాదగా చెయ్యెత్తాడు. కుర్దిన్ సరేనన్నాడు.

"నాకు ఓటు లేదు. కానీ ఈ ఊరంటే ప్రాణం. ఊరు ఊరిలాగే ఉండాలని నా కోరిక."

"చూడటానికా డాక్టర్‌గారూ, ఉండటానికా?" అని నేను కూర్చున్న చోటు నుంచే అడిగాను. నవ్వులు లేచాయి. మడ్లైనా మాత్రం నవ్వలేదు, నా పక్క కుర్చీలో వేళ్ళు విరుచుకుంటోంది.

అప్పుడు బార్బా నా వైపు తిరిగాడు. ఈసారి గొంతులో వేళాకోళం లేదు.

"ఉర్ష్లా, నీ కొట్టు మీద రెండంతస్తులు లేస్తే సూర్యుడి రోజున తొట్టి మీద నీడ పడుతుంది. మరి నేనెక్కడ కూర్చోను?"



చలికాలం నడుమ మా ఊళ్ళో సూర్యుడు కనపడడు. దక్షిణపు కొండ వెనకే నడిచి వెళ్ళిపోతాడు. ఎదురు కొండ మీద ఎండ ఉంటుంది, ఆకాశం నీలంగా ఉంటుంది, మేం మాత్రం నీడలో ఉంటాం. ఫిబ్రవరి మొదట్లో ఒక రోజున, మబ్బు లేకపోతే, మిట్టమధ్యాహ్నం కొండల మధ్య చీలికలో కాసేపు అడుగు పెడతాడు. ఆ తొలి ఎండ కూడలిలో ఉన్న రాతి నీళ్ళ తొట్టి మీద పడుతుంది. ఊరంతా అక్కడ చేరి, ఆ నీళ్ళు ముట్టుకుని మొహానికి రాసుకుంటారు. మడ్లైనా కుంకుమపువ్వు వేసి గుండ్రటి పసుపు రొట్టెలు కాలుస్తుంది. మాకు పండగలు చాలా ఉన్నాయి, వేళాకోళం చెయ్యకూడని పండగ మాత్రం అదొక్కటే. నా కొట్టు కూడలికి దక్షిణం పక్కన ఉంది.

బేరం చెయ్యి జారిపోతోంది. నేను కుర్చీ ఎక్కాను.

"సూర్యుడి రోజునే చూద్దాం! గుర్తుకర్రలు నిలబెడతా!"

మా దగ్గర ఎవరు ఇల్లు కట్టాలన్నా, ముందు నాలుగు మూలలా కప్పు ఎత్తుకి సన్నటి కర్రలు నిలబెట్టి చూపించాలి. చూసి ఏడ్చేవాళ్ళు ముందే ఏడవాలి, అదీ పద్ధతి.

"కర్రలు నిలబెడతా, వాటికి టార్పాలిన్ కడతా, గోడ ఉన్నట్టే నీడ పడుతుంది. ఆ మధ్యాహ్నమే కదా సభ? తొట్టి మీద నీడ పడిందా, నేనే వ్యతిరేకంగా చెయ్యెత్తుతా!"

మడ్లైనా నా స్వెట్టర్ పట్టుకు లాగింది. "ఓండా, దిగండి! మీకేమన్నా పిచ్చా? ఉండాల్సింది నేను, పందెం కాసేది మీరా?"

"మాటంటే మాటేనా?" అన్నాడు బార్బా.

"నా కొట్లో తూకం ఎప్పుడైనా తప్పిందా?"

"లేదు" అని ఒప్పుకున్నాడు. "సరే. సూర్యుణ్ణే అడుగుదాం."

ఇక ఆ సాయంత్రం ఎవరికీ వాడకపు అంకె గుర్తు లేదు. అందరూ పందేలు కాసుకుంటూ ఇళ్ళకి పోయారు.

నేను గుడ్డిగా పందెం కాసే మనిషిని కాను. మడ్లైనా మొగుడు యాఖెన్ వడ్రంగి, అంతకు ముందే నా కోసం కాగితం మీద గీత గీసి చూశాడు. కొండ చీలిక ఎత్తు, కూడలి వెడల్పు, కప్పు ఎత్తు. నీడ తొట్టికి ఇవతలే ఆగుతుందన్నాడు, అంచు దగ్గరికి వస్తుంది, కానీ ఆగుతుందన్నాడు. ఆ గీతని నమ్మే నేను కుర్చీ ఎక్కాను.

ఒక్క చిక్కు: కట్టడానికి అర్జీ పెట్టకుండా గుర్తుకర్రలు నిలబెట్టకూడదు. కుర్దిన్ తల గోక్కుని "పండగ అలంకారం అని రాసుకుంటాలే" అన్నాడు. యాఖెన్ పండగకి ముందురోజు పొడుగు కర్రలు నా కొట్టు కప్పు మీదికి చేర్చి, నాలుగు మూలలా నిలబెట్టి, తాళ్ళతో బిగించి, నా కొట్లోని ఆకుపచ్చ టార్పాలిన్ కట్టాడు. అమ్మకానికి పనికిరాకుండా పోయిన సరుకు. అందుకే ఇచ్చాను.

సూర్యుడి రోజున ఆకాశంలో ఒక్క మబ్బు లేదు. జనం పొద్దుటి నుంచే కూడలిలో తిరగడం మొదలుపెట్టారు. నా కొట్టు కిటకిటలాడింది. మా ఊరివాళ్ళతో పాటు కింద ఊళ్ళవాళ్ళు కూడా వార్త విని వచ్చారు. నల్ల కళ్ళద్దాలు అయిపోయాయి. మడ్లైనా రొట్టెల తట్టలు మోసుకొచ్చి తొట్టి పక్క బల్ల మీద పేర్చింది. మొహం ఆ రొట్టెల కంటే పసుపుగా ఉంది.

"నీడ పడితే ఏం చేస్తారు ఓండా?"

"పడదు."

"పడితే?"

"నీ మొగుడి పెన్సిల్ విరిచేస్తా."

బార్బా పైదర్ తొట్టి పక్క బెంచీ మీద, రెండు చేతులూ కర్ర మీద పెట్టుకుని, న్యాయాధిపతిలా కూర్చున్నాడు. డాక్టర్ ష్టౌబ్ కెమెరా మెడకి వేసుకుని వచ్చాడు. కుర్దిన్ గొలుసు గడియారం తీశాడు, చూశాడు, పెట్టుకున్నాడు, మళ్ళీ తీశాడు.

కొండ అంచు తెల్లగా మెరిసింది. చీలికలో నిప్పురవ్వ లాంటిది ఒకటి పొడిచింది. "వచ్చాడు!" అని ఎవరో అరిచారు. ఎండ కూడలి మీదికి ఒక్కసారి దూకింది. మంచంతా కళ్ళు చెదిరేలా మెరిసింది. పిల్లలు గంటలు వాయించారు. నేను తొట్టి వైపు చూశాను.

తొట్టి మీద నీడ.

అంచు మీద కాదు, సగం నీళ్ళ మీద. నల్లటి, తిన్నటి నీడ, కత్తితో కోసినట్టు. నా టార్పాలిన్‌దే.

 ఒక్కసారిగా గోల. "పడింది! పడింది!" "ఉర్ష్లా, ఏం చెబుతావిప్పుడు?" "కాసిన పందెం తియ్యరా!" డాక్టర్ ష్టౌబ్ చప్పట్లు కొట్టి, మళ్ళీ మర్యాద కాదనుకుని చేతులు జేబుల్లో పెట్టుకున్నాడు. మడ్లైనా తట్ట దగ్గర అలాగే నిలబడిపోయింది. బార్బా లేవలేదు. తన ఒళ్ళో పడ్డ నీడని చూస్తున్నాడు.

పైకి చూశాను. కప్పు మీద నుంచి యాఖెన్ చేత్తో నన్ను రమ్మంటున్నాడు. నిచ్చెన ఎక్కి వెళ్ళాను. అతని మొహం తెల్లబోయి ఉంది.

"ఓండా, తప్పు జరిగింది. కర్రలు మంచు మీద నిలబెట్టాం."

"ఏ మంచు?"

"ఈ మంచే. కప్పు మీది మంచు. గట్టిగా ఉంది కదా, ఇదే కప్పనుకున్నా. తవ్వి పలక దాకా వెళ్ళలేదు." కాలితో తన్ని చూపించాడు. నవంబరు నుంచి పడి, తొక్కుడుపడి రాయిలా గడ్డకట్టిన మంచు. చలికాలంలో మాకు నేలంటే మంచే. ఏడాదికి సగం దాని మీదే నిలబడతాం, దాని మీదే బండ్లు నిలుపుతాం. కింద ఇంకో నేల ఉందని గుర్తు పెట్టుకునేదెవరు? కర్రలు కావలసిన దానికంటే మంచు మందమంత ఎత్తుకి లేచాయి. కాగితం మీద గీత సరిగ్గానే ఉంది.

"చెబుదాం! కిందకి అరిచి చెబుదాం!" అన్నాడు.

"ఆగు."

తక్కెడలో తప్పుందని, అదీ తూకం తనకి ఎదురు తిరిగాక, గిరాకీ ముందు అరిచే కొట్టువాణ్ణి ఎవరైనా నమ్ముతారా? ఊరంతా తప్పుడు లెక్క అంటారు. తక్కెడ సంగతి చెప్పకూడదు, వాళ్ళ కళ్ళముందు మళ్ళీ తూచి చూపించాలి. చీలికలో సూర్యుడు అప్పటికే పక్కకి జరుగుతున్నాడు.

కప్పు అంచుకి వచ్చి అరిచాను.

"నీడ పడింది! ఒప్పుకున్నా! ఎంత దించితే పోతుందో మీరే చెప్పండి!"

యాఖెన్ ఒక పక్క, నేను ఒక పక్క నిచ్చెనలెక్కి, టార్పాలిన్ పై అంచుని చుట్టడం మొదలుపెట్టాం. నీడ తొట్టి మీద ఒక వేలెడు వెనక్కి జరిగింది. 

"ఇంకా!" అన్నారెవరో.

చుట్టాం.

"ఇంకా దించు! నీళ్ళ మీద ఉందింకా!"

"ఎడమ పక్క ఎక్కువుంది, సమానంగా దించండి!"

"అది ఎడమ కాదు, నీకు ఎడమ!"

"చాలు, చాలు!" ఇది మడ్లైనా.

"చాల్లేదు! అంచు మీద ఉంది!" ఇది డాక్టర్ ష్టౌబ్. ఓటు లేనివాళ్ళ తాడూ గీడూ మరిచిపోయి జనం నడుమకి వచ్చి, రెండు చేతులూ ఊపుతూ అరుస్తున్నాడు. "ఇంకొక్క చెయ్యెడు! కొంచెం! కొంచెం!"

"సూర్యుడు పోతున్నాడు, తొందరగా!" కుర్దిన్ గడియారం ఊపుతున్నాడు.

నా వేళ్ళు మొద్దుబారాయి. టార్పాలిన్ మంచుతో బిర్రబిగిసి చుట్ట పడటం లేదు. మోకాలితో అదిమి చుట్టాను. కింద నుంచి అందరి అరుపులూ కలిసి ఒకే అరుపైపోయాయి, నీడ ఎక్కడుందో కూడా నాకు తెలియడం లేదు. అప్పుడు బార్బా పైదర్ లేచి నిలబడి తన కర్ర నిటారుగా పైకెత్తాడు.

"ఆగు!"

అందరూ ఆగారు. నీళ్ళు మెరిశాయి. తొట్టి నిండా ఎండ, అంచు నుంచి అంచు దాకా. బార్బా ఆ నీళ్ళలో చెయ్యి ముంచి మొహానికి రాసుకున్నాడు.

"అక్కడే కొయ్యి" అన్నాడు.

యాఖెన్ రంపం తీశాడు. నాలుగు కర్రలూ కోశాడు. ఒక్కో ముక్క కింద మంచులో పడినప్పుడల్లా జనం హుర్రే అన్నారు. నాలుగో ముక్క పడేసరికి సూర్యుడు చీలిక దాటిపోయాడు. ఎవరూ చలి పట్టించుకోలేదు. రొట్టెల తట్టలు నిమిషాల్లో ఖాళీ. నా దగ్గర తొడుగులు కూడా.

నేను ఒక కోసిన ముక్క తెప్పించుకుని పైకి తీసుకెళ్ళాను. యాఖెన్ పారతో కర్ర పాదం పక్కన మంచుని తవ్వి రాతి పలక దాకా వెళ్ళాడు. ముక్కని ఆ గుంటలో నిలబెట్టి చూశాం. సరిగ్గా సరిపోయింది, ముక్కే ఓ బొటనవేలు తక్కువ. ఊరంతా కలిసి, అంత అరిచి, నా కప్పు మీది మంచుని కోయించింది. నా రెండంతస్తులూ చెక్కుచెదరలేదు.

యాఖెన్ నవ్వు ఆపుకోలేక పారని కొరుకుతున్నాడు.

"నోరు విప్పావంటే చంపుతా" అన్నాను. ఇందులో మోసం ఏముంది? కప్పు ఎక్కడ ఆగాలో వాళ్ళే చెప్పారు, అక్కడే ఆగుతుంది. కింద ఏముందో ఎవరూ అడగలేదు. కానీ నేనిచ్చిన మాట ఒకటుంది. తొట్టి మీద నీడ పడింది. ఎందుకు పడిందని పందెంలో లేదు.

సభ ఆ మధ్యాహ్నమే, అదే వ్యాయామశాలలో, అందరి బూట్ల నుంచి మంచు కరిగి నేలంతా నీళ్ళు. కుర్దిన్ ప్రతిపాదన చదవగానే బార్బా లేచాడు.

"ఒక వాక్యం చేర్చు. సూర్యుడి రోజున తొట్టి మీద నీడ పడే కప్పు ఈ ఊళ్ళో ఎవరూ వెయ్యకూడదు."

"చేర్చాను. ఎవరికైనా అభ్యంతరమా?"

ఎవరూ కదల్లేదు. ఇక చేతులు. అనుకూలం: చాలా చేతులు లేచాయి. లెక్కించేవాళ్ళు వరసల మధ్య తిరిగారు. వ్యతిరేకం: ఇవీ చాలానే. ఊరు మారిపోతుందని భయపడ్డవాళ్ళు, కుర్దిన్ అంటే పడనివాళ్ళు, ఆ వాడకం అన్న మాట ఇంకా గుచ్చుకుంటున్నవాళ్ళు. వాళ్ళ మధ్యన నా చెయ్యి.

కుర్దిన్ నన్ను చూసి కళ్ళు పెద్దవి చేశాడు. "ఉర్ష్లా, నీ చెయ్యి పొరపాటున లేచిందా?"

"లేదు. మాటిచ్చాను."

బార్బా రెండు సార్లూ చేతులు కర్ర మీదే ఉంచుకున్నాడు. లెక్కలవాళ్ళు కుర్దిన్ చెవిలో ఏదో చెప్పారు. అతను నుదురు తుడుచుకున్నాడు.

"సమానం. సమానమైతే వీగిపోయినట్టే."

ఇక చూడాలి ఆ గోల. కుర్చీలు పడ్డాయి. "చెయ్యి దించు ఉర్ష్లా!" "నీ కొట్టు కోసమే కదా ఇదంతా!" "అనుకూలానికి ఎత్తవే!" మడ్లైనా నా ముందుకొచ్చి నిలబడింది, కళ్ళ నిండా నీళ్ళు, కోపం.

"మీ మాటతో నా పొయ్యి మండదు ఓండా! దించండి!"

నా చెయ్యి సీసంలా బరువెక్కింది. దించితే ఇల్లు వస్తుంది, అద్దె వస్తుంది, మడ్లైనా ఉంటుంది. దించితే రేపటి నుంచి నా కొట్లో తూకం చూసే ప్రతివాడూ ముల్లు వంక రెండోసారి చూస్తాడు. ఆ లెక్క కూడా నేను వేశాను, దాచడం దేనికి? దించలేదు.

"మళ్ళీ లెక్కపెట్టండి!" అని వెనక నుంచి ఎవరో అరిచారు. కుర్దిన్ ఒప్పుకుని, నా చేతిని వ్యతిరేకం కిందే రాసుకోమన్నాడు. "మళ్ళీ! అనుకూలం!"

చేతులు లేచాయి. అప్పుడు బార్బా పైదర్ కర్ర పైకెత్తాడు.

"కర్ర లెక్కకి రాదు బార్బా" అన్నాడు లెక్కించేవాడు. "చెయ్యి కావాలి."

బార్బా కర్రని పక్కవాడి చేతిలో పెట్టి, చెయ్యి ఎత్తాడు.

"ఎక్కడ కొయ్యాలో చెప్పింది నేను" అన్నాడు, చుట్టూ చూస్తూ. "కొట్లో గుడ్డ కోయించాక కొననంటే ఎలా? మీరంతా కూడా అరిచారు కదా, ఇంకా దించు, ఇంకా దించు అని? బేరమాడిందెవరు మరి?"

హాల్లో నవ్వులు. ఇంకో రెండు చేతులు సిగ్గుపడుతూ లేచాయి. తాడు వెనక డాక్టర్ ష్టౌబ్ చెయ్యి కూడా సగం లేచింది, ఓటు లేదని గుర్తొచ్చి జుట్టు సవరించుకుంది.

"అదిగో" అని బార్బా నా వైపు వేలు చూపించాడు, "తన లాభానికి తానే అడ్డం నిలబడి చెయ్యెత్తింది. అలాంటి మనిషి తూకంలో మంచుగడ్డంత తప్పుండదు."

వెనక వరసలో యాఖెన్‌కి దగ్గు పట్టుకుంది. బయటికి వెళ్ళి దగ్గాల్సొచ్చింది.

నెగ్గింది. నా చెయ్యి అప్పటికీ వ్యతిరేకంగానే గాల్లో ఉంది, దించడం మరిచిపోయాను. కుర్దిన్ వచ్చి దాన్ని పట్టుకుని దించి, అదే చేతిని గట్టిగా ఊపాడు. డాక్టర్ ష్టౌబ్ తాడు కింద నుంచి దూరి వచ్చాడు.

"నాకు ఓటుంటే ఏం చేసేవాణ్ణో ఇప్పటికీ తెలీదు" అన్నాడు.

"ఏడాదంతా ఇక్కడ ఉండండి డాక్టర్‌గారూ. ఓటూ వస్తుంది, పొద్దున్నే వేడి రొట్టే వస్తుంది."

ఆయన నిజంగానే ఆలోచిస్తున్నట్టు మొహం పెట్టాడు. అంతలో మడ్లైనా నా మెడ చుట్టూ చేతులు వేసి పిండి వాసనతో ఊపిరాడకుండా చేసింది. తర్వాత నన్ను పక్కకి, చాపలు పేర్చిన మూలకి లాక్కెళ్ళింది. కళ్ళు తుడుచుకుంది. గొంతు మారింది.

"అద్దె సంగతి ఓండా."

"ఇంకా ఒక ఇటిక వెయ్యలేదే!"

"ఇప్పుడే మాట్లాడుకుంటే మంచిది. అంత కర్ర కోసేశారు, పైకప్పు తగ్గిపోయింది. యాఖెన్ పొడుగు మనిషి, వంగి నడవాలి. పైకప్పు తగ్గినప్పుడు అద్దె కూడా తగ్గాలి కదా."

చుట్టూ చూసి, గొంతు తగ్గించాను. "నీ మొగుణ్ణి అడుగు. కోసింది మంచే. పైకప్పు ఒక్క వేలు తగ్గలేదు."

"అడిగాను" అంది మడ్లైనా. "సభకి ముందే చెప్పాడు." తల తిప్పి, గుమ్మం దగ్గర పదిమంది మధ్యన నవ్వుతున్న బార్బా పైదర్‌ని చూసింది. "ఆయన ఎంత సంతోషంగా ఉన్నాడో చూడండి. ఊరి కోసం ఎంత కోయించాడో చెప్పుకుంటున్నాడు. వెళ్ళి మంచు సంగతి చెప్పనా? లేకపోతే మనం పైకప్పు తగ్గిందనే అనుకుందామా?"

నేను ఆ పిల్ల మొహంలోకి చూశాను. ఎక్కడ నేర్చుకుందో తెలీదు, నా కొట్టు పక్కనే ఉంటుంది కదా.

"తగ్గింది" అన్నాను. "బాగా తగ్గింది."